తిరిగొచ్చిన సరుకు

అక్క కాలు ఒకచోట నిలవదు. అన్నం నిలబడి తింటుంది, ఫోను నడుస్తూ మాట్లాడుతుంది, ఎవరైనా బలవంతాన కూర్చోబెడితే కుర్చీ అంచు మీద కూర్చుంటుంది. ఆ ఇంటికి పగలు వచ్చి ఉండే పదకొండుమందికీ, వాళ్ళ అమ్మానాన్నలకీ, వ్యాను డ్రైవరుకీ ఆవిడ అక్కే. చాటున మాత్రం సుడిగాలి అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినా ఆగి పోట్లాడే తీరిక ఎక్కడిది?

ఒకప్పుడు ఆస్పత్రిలో ఆయాగా చేసేది. తమ్ముడికి పుట్టుకతోనే ఎదుగుదల తక్కువ. తల్లి ఉన్నన్నాళ్ళూ తల్లి చూసుకుంది. ఆవిడ పోయాక వాణ్ణి ఇంట్లో ఉంచి తాళం వేసి డ్యూటీకి వెళ్ళడం అక్క వల్ల కాలేదు. మూడు రోజులు వెళ్ళింది, నాలుగో రోజు ఉద్యోగానికి దణ్ణం పెట్టేసింది. వాడికి తోడుగా పక్కవీధి నుంచి చక్రాల కుర్చీలో ఒకమ్మాయి వచ్చింది, తర్వాత మాటలు రాని అన్నదమ్ములిద్దరు వచ్చారు. చూస్తూండగానే కింది వాటా అంతా వికలాంగుల పగటి కేంద్రం అయిపోయింది. సంఘంగా రిజిస్టరు చేసి బోర్డు కట్టారు. లాభం మాట దేవుడెరుగు, నెలాఖరుకి వ్యానులో డీజిలుంటే అదే గొప్ప.

తమ్ముడి అసలు పేరు చెబితే అక్కడ ఎవరూ గుర్తుపట్టరు. షావుకారు అనాలి. ముప్ఫై ఆరేళ్ళవాడు, గుండ్రటి మొహం, చెవి మీద పెన్సిలు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ముందుగదిలో బల్ల వెనక కూర్చుంటాడు. అది కొట్టు. కేంద్రంలో వాళ్ళు చేసిన సబ్బులు, కొవ్వొత్తులు, కాగితం కవర్లు, గుడ్డ సంచులు వెనక అలమరలో ఉంటాయి. తొమ్మిదేళ్ళ కిందట లెక్కలు నేర్పడానికని అక్క మొదలుపెట్టిన ఆట అది. మొదట్లో పాత కాగితాలు కత్తిరించి బిల్లులని ఇచ్చింది. షావుకారు వాటిని ఒక్క వేలితో పక్కకి తోసేశాడు. కొట్లో బిల్లుకి నంబరుంటుంది, కింద నీలం కార్బను ఉంటుంది, అంత మాత్రం నాకు తెలీదా అన్నట్టు చూశాడు. చేసేది లేక అక్క సంఘం పేరుతో నిజం బిల్లుపుస్తకాలే అచ్చు వేయించింది.

ఇక అక్కడి నుంచి పద్ధతి మారలేదు. అక్క ఒక డబ్బాలోంచి అందరికీ చిల్లర పంచుతుంది. ఆయాలు, డ్రైవరు, తీసుకెళ్ళడానికొచ్చిన తల్లులు, తోటివాళ్ళు అందరూ వరసలో నిలబడి కొంటారు. షావుకారు ఒక్కొక్కరికీ బిల్లు రాసి చించి ఇస్తాడు. మర్నాడు తెల్లారకముందే అక్క పిల్లిలా మెట్లు దిగి, కొన్నవాళ్ళు గుమ్మం దగ్గర బుట్టలో వదిలి వెళ్ళిన సరుకంతా మళ్ళీ అలమరలో సర్దేస్తుంది. నిజంగా కొనే బయటివాళ్ళు ఏడాదికి ఓ నలభైమంది ఉంటారేమో. మిగతాదంతా అదే సబ్బు, అదే సంచి, అదే చిల్లర. ఈ సంగతి షావుకారు చెవిన పడకూడదని అందరి చేతా ఒట్టు వేయించుకుంది. తెలిస్తే వాడి గుండె పగిలిపోతుందని ఆవిడ భయం.

అంతా బాగానే ఉంది. ఈ ఏడాది లెక్కల బాబాయ్ వచ్చాడు. ఏదో ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనవాడు, మంచివాడు, జీతం లేకుండా లెక్కలు రాసిపెడతానన్నాడు. అమ్మకాల బిల్లులెక్కడమ్మా అని అడిగాడు. అక్క ఒక చెవిన ఫోను పెట్టుకుని, ఒక చేత్తో ఎవరికో చొక్కా బొత్తాలు పెడుతూ, గడ్డంతో బీరువా చూపించింది. ఆయన బీరువాలో ఉన్న ఏడాది బిల్లుపుస్తకాలన్నీ తీసి, ఒక్కటి కూడా వదలకుండా కూడి, వార్షిక నివేదికలో అమ్మకాలని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. వ్యాను హారను మోగుతుంటే, గుమ్మంలో నిలబడి, ఆయన వేలు పెట్టిన చోటల్లా అక్క సంతకం చేసింది. చదివిందా అంటే, అబ్బే.

సోమవారం పొద్దున అమ్మకం పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. సంరక్షణ సేవకి పన్ను లేదట. కానీ వస్తువులు అమ్మితే దానికో పరిమితి ఉందట, అది దాటితే రిజిస్ట్రేషన్ చేయించుకుని తీరాలట. మీ నివేదిక ప్రకారం దాటి చాలాకాలమైంది, ఎందుకు చేయించుకోలేదో వారంలోగా చెప్పండి, లేకుంటే పాత పన్నూ జరిమానా కలిపి కట్టాలి అని ఉంది. కింద వేసిన అంకె చూసి అక్క మనసులోనే లెక్క కట్టింది. వ్యాను అమ్మితే సరిగ్గా అంత వస్తుంది. వ్యాను లేకపోతే పదకొండుమందిలో ఏడుగురు ఇల్లు కదలలేరు. మళ్ళీ తాళాలే.

లెక్కల బాబాయ్‌కి విషయం తెలిసి మొహం పాలిపోయింది. కొంప ముంచానా తల్లీ అని నెత్తి పట్టుకున్నాడు. ముంచింది నీ లెక్క కాదు బాబాయ్, నా సంతకం అంది అక్క, గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతూ.

మధ్యాహ్నానికల్లా ఆఫీసులో ఉంది. టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేక, వరండా పొడవునా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. బంట్రోతు రెండుసార్లు విసుక్కున్నాడు. చివరికి లోపలికి పిలిచిన అధికారిణి నెమ్మదైన మనిషి, కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని మొత్తం విన్నది.

"బిల్లు ఉందంటే అమ్మకం ఉన్నట్టేనండీ," అంది ఆవిడ. "కాదంటే ఏది అమ్మకమో ఏది కాదో మీరు చూపించాలి. గురువారం పొద్దున పదకొండింటికి నేనే వస్తాను. ఆ పుస్తకాలు ముందు పెట్టుకుని, ఇవి ఉత్త బిల్లులని మీ నోటితో చెప్పి సంతకం పెట్టండి. దాన్నెంతవరకు ఒప్పుకుంటారో పైవాళ్ళ ఇష్టం."

పదకొండంటే మేలే అనుకుంది అక్క. కొట్టు తెరిచే వేళ కాదు, షావుకారుకి తెలియకుండా అయిపోతుంది. ఆ మధ్య రెండు రోజులూ ఆవిడ పెట్టిన హడావిడి అంతా ఇంతా కాదు. శుభ్రంగా ఉన్న బీరువా మూడుసార్లు సర్దింది. పాల గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. ఏ తప్పూ చేయని డ్రైవరు మీద ఒంటికాలి మీద లేచి, సాయంత్రం వాడికే టీ పెట్టి ఇచ్చింది.

గురువారం పదకొండైంది, పన్నెండైంది, అధికారిణి రాలేదు. రెండున్నరకి ఫోను చేసి, పనిలో ఇరుక్కుపోయాను, బయల్దేరాను అంది. అక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయాని పిలిచి, షావుకారుని కాసేపు పార్కుకి తీసుకెళ్ళమంది. షావుకారు కదలలేదు. మూడింటికి కొట్టు అన్నాడు. బతిమాలింది, బెదిరించింది. మూడింటికి కొట్టు అన్నాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ.

మూడుంపావుకి అధికారిణి వచ్చేసరికి ముందుగదిలో వరస నడుస్తోంది. ఆవిడ ఇంకెక్కడా చోటు లేక, ఆ బల్ల పక్కనే కుర్చీ వేసుకుంది. లెక్కల బాబాయ్ బిల్లుపుస్తకాలు కట్టలుకట్టలుగా తెచ్చి పెట్టాడు. తన పుస్తకాలు చూసి షావుకారు నిటారుగా కూర్చున్నాడు.

"చెప్పండి. ఇందులో అమ్ముడైనవెన్ని?" అని అధికారిణి పెన్ను తీసింది.

అక్క నోరు తెరిచింది. షావుకారు ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఇవన్నీ ఉత్తవే అని ఒక్క మాట అంటే వ్యాను దక్కుతుంది. వాడి ఎదుట అనడమెలా? బయటికెళ్ళి మాట్లాడుకుందామా మేడం అని గొణిగింది. పుస్తకాలిక్కడుంటే బయటెందుకండీ అని ఆవిడ ఆశ్చర్యపోయింది. అక్క చేతులు నలుపుకుంటూ కిటికీ దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. పక్కనున్న లెక్కల బాబాయ్ ఇంక ఉండబట్టలేకపోయాడు.

"అవన్నీ ఉత్తుత్తి బిల్లులే మేడం," అనేశాడు. "కొన్నది కొన్నట్టే వెనక్కి పెట్టేస్తారు. ఆ అబ్బాయి సరదా కోసం."

వరసలో ఉన్నవాళ్ళంతా బిక్కచచ్చిపోయారు. షావుకారు పెన్సిలు బల్ల మీద పెట్టాడు. లేచాడు. ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అయిపోయింది అనుకుంది అక్క. తొమ్మిదేళ్ళు కాపాడుకున్నది ఒక్క నిమిషంలో పోయింది. ఏడుపు తన్నుకొస్తుంటే వాడి వెనకే పరిగెత్తబోయింది. గుమ్మం దాటకముందే వాడే ఎదురొచ్చాడు, రేకుపెట్టె ఒకటి బరబరా ఈడ్చుకుంటూ.

పెట్టె తెచ్చి అధికారిణి కాళ్ళ దగ్గర ఆపి మూత తీశాడు. నిండా నోటుపుస్తకాలు. అక్క వాటిని గుర్తుపట్టింది. నెలకొకటి కొనివ్వమని ప్రాణం తీసేవాడు, గీతలు గీసుకుంటాడులే అని కొనిచ్చేది. ఒక్కటి కూడా కూర్చుని తెరిచి చూసిన పాపాన పోలేదు.

"తిరిగొచ్చిన సరుకు," అన్నాడు షావుకారు.

పేజీకి ఇరవై వరసలు. ప్రతి వరసలో బిల్లు నంబరు, దాని పక్కన వెనక్కి తిరిగిన బాణం, తేదీ. అధికారిణి కళ్ళజోడు కిందకి దించుకుంది. ఒక బిల్లు తీసి చూసింది, సరిపోయింది. పది చూసింది. పుస్తకం మార్చి మధ్యలోంచి చూసింది. ఒకచోట వేలు ఆపి, దీనికి బాణం లేదేం అని అడిగింది.

"అది రాలేదు," అన్నాడు షావుకారు. "ఎర్రగొడుగు ఆవిడ పట్టుకెళ్ళిపోయింది."

గంటన్నర పట్టింది. వరసలో వాళ్ళంతా నేల మీద చతికిలబడి చూస్తూనే ఉన్నారు. ఈ ఏడాదిలో బాణం లేనివి నలభై మూడు తేలాయి. తిరిగొచ్చిన సరుకు అమ్మకం కిందికి రాదండీ అని చెప్పి, పరిమితికి చాలా లోపల ఉన్నారు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని రాసుకుంటున్నాను అంది అధికారిణి. ఈ ఏడాది నోటుపుస్తకాలు కాపీ తీయించి పంపమంది. వెళ్ళేముందు షావుకారుకి నమస్కారం పెట్టింది. వాడు తల ఊపి, తర్వాతెవరు అన్నాడు.

కొట్టు మూశాక అక్క వాడి పక్కన కూర్చుంది. అంచున కాదు, పూర్తిగా కూర్చుంది.

"ఎప్పటినుంచి తెలుసురా నీకు?"

"మొదటిరోజు నుంచి. సబ్బు మీద గోటితో గీత పెట్టాగా. పొద్దున్నే ఆ సబ్బే ఉంది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

షావుకారు కార్బను కాగితం జాగ్రత్తగా మడిచి పుస్తకంలో పెట్టాడు. "నువ్వు చీకట్నే లేచి సర్దుతావు కదక్కా. చెప్తే బాధపడతావని."

అక్క డబ్బాలోంచి కాకుండా తన పర్సులోంచి డబ్బులు తీసి బల్ల మీద పెట్టింది. గోటి గీత ఉన్న సబ్బు ఇమ్మంది. కొట్టు మూసేశాక అమ్మనని వాడు కాసేపు బెట్టుచేసి, చివరికి బిల్లు రాశాడు.

మర్నాడు తెల్లారకముందు మెలకువ వచ్చినా అక్క మెట్లు దిగలేదు. ఆ సబ్బుతోనే స్నానం చేసి, తడిజుట్టుతో నింపాదిగా కిందకి వచ్చింది. బుట్టలో సరుకు బుట్టలోనే ఉంది. షావుకారు ఒక్కొక్కటీ తీసి అలమరలో సర్దుకుంటున్నాడు. సర్దాక సబ్బులు లెక్కపెట్టాడు. పన్నెండుకి పదకొండే ఉన్నాయి. నోటుపుస్తకం తెరిచి పట్టుకుని, అక్కకేసి చెయ్యి చాచాడు.

అక్క ఆ చేతిలో తన చెయ్యి పెట్టింది. వాడు దాన్ని ముక్కు దగ్గరకి తీసుకుని వాసన చూశాడు.

"వాడేశావా?"

"వాడేశాను."

"అయితే ఇంక తీసుకోను," అన్నాడు షావుకారు. ఆ నంబరు రాసి, పక్కన బాణం వెయ్యకుండా వదిలేశాడు. "నలభై నాలుగు."