రెండో కంప్యూటర్‌కి పెట్టని బొట్టు

బ్రాడీపేటలో పిల్లలకి లెక్కలు చెప్పుకునేదానికి నీళ్లలో మునగడం ఎందుకని నన్ను అడగని చుట్టం లేడు. ఒక్క మా అత్తగారు మాత్రం అడగలేదు. "దానికి సరదా, పోనీండి" అని అందరి నోళ్లూ మూయించింది. నలభై దాటాక నేను స్కూబా డైవింగ్ నేర్చుకోగలిగానంటే అది ఆవిడ చలవే.

మా మాస్టారు నేవీలో డైవర్‌గా చేసి, రిటైరయ్యాక సొంతూరు దాచేపల్లి వచ్చేశారు. అక్కడ పాత సున్నపురాయి క్వారీ ఒకటి వాననీటితో నిండిపోయి ఉంది. యజమానిని ఒప్పించి మాకు అందులోనే నేర్పేవారు.

డైవ్ కంప్యూటర్ అంటే చేతికి కట్టుకునే పెద్ద వాచీలాంటిది. ఎంత లోతులో ఉన్నామో, ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెబుతుంది. దాని మాట వినకుండా ఎక్కువసేపు ఉండి పైకొస్తే ఒంట్లో ఇంకిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. కీళ్లు పట్టేయొచ్చు, ప్రాణమే పోవచ్చు. అది మొరాయిస్తే దిక్కుండాలని, ఇంకోటి కూడా కొనుక్కోమన్నారు మాస్టారు.

నాతో పనిచేసే ఒకాయన తన దగ్గర వాడకుండా పడివున్నది ఇస్తానన్నాడు. ముచ్చటైన వస్తువు. సంబరంగా తీసుకెళ్లి మాస్టారికి చూపించాను. ఆయన తిప్పి చూసి పెదవి విరిచారు.

"ఇది లోతు అడుగుల్లో చూపిద్ది మేడం. మీది మీటర్లు."

"సెట్టింగుల్లో మార్చుకుంటానండీ."

"అది మార్చొచ్చు. లోపలి లెక్క మార్చలేం కదండీ. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒకటి ఇరవై నిమిషాలుండొచ్చంటది, ఇంకోటి పన్నెండే అంటది. నీళ్లలో ఎవరి మాట వింటారు? మీ పాతదాని లెక్కే వేసేది తెచ్చుకోండి. రెండింట్లోనూ సెట్టింగులన్నీ ఒకటే పెట్టాలి. ప్రతి డైవ్‌కీ రెండూ కట్టాలి. అప్పుడు తేడా వచ్చిందంటే ఒకటి పాడైనట్టే లెక్క. ఏది తక్కువ టైమిస్తే దాని మాటే వినండి."

లెక్కల టీచరుకే లెక్కలు చెబుతున్నాడని లోపల ఉడుక్కున్నాను. అయినా బుద్ధిగా నా పాతదాని కంపెనీదే, అదే లెక్క వేసేది ఆర్డర్ పెట్టాను. అది వచ్చేలోగా దసరా వచ్చింది.

మా ఇంట్లో ఆయుధపూజ అత్తగారి సామ్రాజ్యం. స్కూటరు, మిక్సీ, నా కాలిక్యులేటరు, దేన్నీ వదలదు. వానకి కారిపోకుండా పసుపులో నూనె కలిపి రాయడం ఆవిడ పద్ధతి. "నీ ప్రాణం కాసేది ఇదేగా, దీనికి పెట్టకపోతే ఎలా?" అని నా డైవ్ కంప్యూటర్‌కి ముందూ వెనకా దిట్టంగా పట్టించి, కుంకుమ బొట్టు పెట్టింది. నేను అద్దం తుడుచుకుని సంచిలో పడేశాను.

పండగయ్యాక కొత్తది చేతికొచ్చింది. తరవాతి ఆదివారం రెండూ కట్టుకుని క్వారీలో దిగాను. అడుగున రాతిలో తొలిచిన మెట్లున్నాయి. వాటిని చూస్తూ తిరుగుతున్నాను. అయిదు నిమిషాలకోసారి రెండూ పోల్చుకోమన్న మాస్టారి మాట గాలికొదిలేసి, అలవాటుకొద్దీ ఎడమచేతికున్న పాతదాన్నే చూస్తున్నాను. పద్నాలుగు మీటర్లు, ఇంకా గంట ఉండొచ్చు అంటోంది. హాయిగా ఉంది. ఎందుకో కుడిచెయ్యి చూశాను. ఇరవై మీటర్లు, ఆరు నిమిషాలు.

సహోద్యోగి ఇచ్చిందే కట్టుకుని ఉంటే, దాని లెక్క వేరు కదా, లోతులో కూడా కాస్త తేడా ఉంటుందేమోలే అని సరిపెట్టుకునేదాన్ని. ఇక్కడ అలా సరిపెట్టుకోవడానికి సందు లేదు. పక్కనే ఉన్న మాస్టారికి రెండు చేతులూ చూపించాను. ఆయన తన చెయ్యి చూపించారు. ఇరవై. ఇక పైకెళ్దామని బొటనవేలు పైకెత్తి సైగ చేశారు. నెమ్మదిగా, ఆగాల్సిన చోట ఆగి, పైకొచ్చాం.

గట్టుమీద ఆయన పాతదాన్ని వెనక్కి తిప్పారు. నీటి ఒత్తిడి తెలుసుకునే సన్నటి చిల్లుల్లో నూనె పసుపు గట్టిపడి కూర్చుంది. నేను పిన్నీసు తీసేసరికి ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "పొడిస్తే లోపలిది చచ్చిపోద్ది. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి సర్వీసుకి పంపండి" అన్నారు. ఆయన్ని లోపల తిట్టుకున్న తిట్లన్నింటికీ సిగ్గుపడి, రెండు చేతులూ జోడించాను.

దారిపొడుగునా పత్తి లారీల వెనక పోతూ ఒకటే ఆలోచన, ఇంట్లో చెప్పాలా వద్దా అని. నా సరదాకి కాపు కాసిన మనిషితో, మీరు రాసిన పసుపే నా ప్రాణం మీదకి తెచ్చిందని ఎలా చెప్పను? అయినా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"నాకెందుకు చెప్పావే? కడిగేసుకుని ఊరుకోవచ్చుగా" అంది.

"ఊరుకుంటే వచ్చే దసరాకి రెండింటికీ పెడతారు అత్తయ్యా. అప్పుడు రెండూ ఒకే తప్పు చెబుతాయి. నేను నమ్మేస్తాను."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, రెండింటినీ ఒళ్లోకి తీసుకుని, "ఆ చిల్లులెక్కడో చూపించు" అంది. చూపించాను. ఒక్కొక్కటే వేలితో తడిమి చూసుకుంది. అలిగి ఇక మునగొద్దని ఒక్క మాటంటే నేను మానేసేదాన్నే. ఆవిడ అనలేదు. ఆ రోజు ఆవిడ మీద కలిగిన కృతజ్ఞత నాలో ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు నేను దాచేపల్లి బయల్దేరే ప్రతిసారీ రెండు కంప్యూటర్లనూ కిటికీ దగ్గర వెలుగులో తిప్పి తిప్పి చూసి, ఆవిడే నా చేతులకి కడుతుంది.