పన్నీరు చల్లిన రాడ్లు

మొన్న ఆదివారం మా పెందుర్తి అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ, మా కోడలి ఈడు ఉండే అమ్మాయి, తలుపు తట్టి, జీవితంలో గెలుపంటే ఏమిటో, అనుకున్నది పట్టుబట్టి ఎలా సాధించాలో పెద్దవాళ్ల చేత కుర్రకారుకి చెప్పిస్తున్నామని, అంకుల్ మీరు పైపు వెల్డరుగా అంత పేరు తెచ్చుకున్నారు గనుక కాసేపు మాట్లాడి తీరాలని, చివర్లో శాలువా కూడా కప్పుతామని చెప్పి వెళ్లింది. శాలువా సంగతి అటుంచండి, ఈ ఉక్కలో శాలువా ఎవడికి కావాలి. ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్లిపోయాక కూడా నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. గెలిచిన రోజు చెప్పమంటే నాకున్నది ఒకే ఒక్క రోజు, దాన్ని పిల్లల ముందు మైకులో చెప్పడం నావల్ల అయ్యే పని కాదు. నా ఈడు వాళ్లయితే అర్థం చేసుకుంటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మేం వన్ టౌన్‌లో పుట్టి పెరిగినవాళ్లం. మా అబ్బాజాన్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు. ఇంటి ముందు చిన్న గుంటలో బొగ్గులు రాజేసి, తోలుతిత్తి ఊదుతూ, కాలిన గిన్నెలో నవాసారం జల్లి, తగరం తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా తెల్లగా తళతళలాడేది. గిన్నెలో చుక్క తడి ఉన్నా కళాయి పట్టదని ఆయన ఎన్నిసార్లు అనేవారో. ఆ తరవాత స్టీలు గిన్నెలు వచ్చాయి. మా వీధి ఆడవాళ్లంతా ఇత్తడి సామాను పాత ఇనుప కొట్లలో పడేసి స్టీలు తెచ్చుకుంటుంటే, మా అబ్బాజాన్ చల్లారిన గుంట పక్కన కూర్చుని చూస్తూ ఉండేవారు. బొగ్గు పొగ మింగీ మింగీ అప్పటికే ఆయనకు ఆయాసం పట్టుకుంది. ఇంటికి నేనొక్కణ్ణే మగపిల్లాణ్ణి.

ఆ రోజుల్లో గాజువాక వైపు ఎటు చూసినా కట్టడాలే, పైపులే. ఆటోనగర్ షెడ్లలో గేట్లూ గ్రిల్లులూ అతికే మాలాంటి వాళ్లకు పైపు వెల్డరంటే పెళ్లికొడుకుతో సమానం. అయితే దానికి పరీక్ష ఉండేది. ఏటవాలుగా బిగించిన పైపు చుట్టూ, పైపు కదలకుండా మనమే ఒంగి, పడుకుని, మెడ తిప్పి అతుకు వేయాలి. తరవాత దానికి ఎక్స్‌రే తీస్తారు. పైకి ఎంత అందంగా ఉన్నా లోపల సూదిమొనంత బుడగ కనిపిస్తే ఫెయిలే. పాస్ సర్టిఫికెట్టు చేతికొస్తే చాలు, అదే నా జీవితం అనుకున్నాను. నాకు అంతకు మించిన కోరిక లేదు. మాకు పని చూపించే కాంట్రాక్టరు ఒక మనిషికి మూడు అవకాశాలే ఇచ్చేవాడు. నేను రెండు పోగొట్టుకున్నాను.

మూడోసారి ముందు మా అమ్మీ ఊరుకోలేకపోయింది. ఎవరి వెల్డింగు రాడ్లు వాళ్లే తెచ్చుకోవాలన్నది అక్కడి పద్ధతి, కాబట్టి పరీక్ష కోసం కొన్న రాడ్ల ప్యాకెట్టును నేను బియ్యం డబ్బా మీద భద్రంగా పెట్టాను. నేను పనిలో ఉండగా ఆవిడ దాన్ని తీసుకుని, మోకాళ్ల నొప్పుల్ని కూడా లెక్కచేయకుండా, పోర్టు పక్కన కొండ మీది దర్గాకు మెట్లెక్కి, ప్యాకెట్టు విప్పించి, ఫాతిహా చదివించి, ఒక్కో రాడ్డు మీదా పన్నీరు చల్లించి, మళ్లీ కాగితం చుట్టి ఎక్కడిదక్కడ పెట్టేసింది. కొడుకు పెళ్లి బట్టల మీద చల్లినట్టే చల్లించింది, పాపం, ఆవిడకు మాత్రం ఏం తెలుసు. ఆ రాడ్ల పూతకు తడి తగిలితే అతుకులో బుడగలు లేస్తాయి. సముద్రపు గాలి తగిలితేనే పాడైపోయే రాడ్లు అవి.

మర్నాడు పరీక్ష పెట్టే షెడ్డులో ప్యాకెట్టు విప్పగానే గులాబీల వాసన గుప్పుమంది. నాతోపాటే పరీక్షకు వచ్చిన, గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల అబ్బాయి, నా స్నేహితుడు, రాడ్డు గోటితో గీరి చూశాడు. పూత చెమ్మగా ఊడి వచ్చింది. "బావా, ఇవి తడిసిపోనాయి. ఈటితో సేత్తే ఎక్స్‌రేలో దొరికిపోతావ్" అన్నాడు మెల్లగా.

 రేకుల మీద ఎండబెడదామంటే మబ్బు పట్టి తుంపర పడుతోంది. వాడి స్కూటరు స్టార్టు చేయించి సైలెన్సరు మీద పరిచాను, చొక్కాలో పెట్టుకుని గుండెకు అదుముకున్నాను. నా పిచ్చి చూసి అక్కడి వాళ్లు నవ్వారు. నాకు సిగ్గు కూడా వెయ్యలేదు. మరో రోజు ఇప్పించమని కాంట్రాక్టరు మనిషి వెంట కుక్కపిల్లలా తిరిగితే, అతను తల కూడా ఎత్తలేదు. స్నేహితుడు తన వాటిలోంచి కొన్ని తీసి నా చేతిలో పెట్టాడు. వాటితో అతుకులో అడుగు వరస పూర్తయింది. పై వరసలకు అమ్మీ రాడ్లే మిగిలాయి. ముసుగు కింద చెమటో కన్నీళ్లో తెలియకుండా, యా అల్లా ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అంటూనే అతికాను. ఎక్స్‌రే ఫిల్ములో బుడగలు గసగసాలు చల్లినట్టు కనిపించాయి.

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మీ రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీదా వీధంతా పంచేసి ఉంది. పన్నీరు చల్లాక కూడా పాసవకపోవడం అనేది ఆవిడ లెక్కలోనే లేదు. పక్కింటావిడ నా తల మీద చెయ్యి వేసి దీవించింది. నేను నోరు తెరవబోయాను. మంచం మీద నుంచి అబ్బాజాన్ నా మణికట్టు పట్టుకున్నారు. నా సంచిలో మిగిలిన రాడ్డు తీసి వాసన చూశారు, అంతే, నిప్పుతో బతికిన మనిషికి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. అమ్మీ వంటింట్లోకి వెళ్లాక, "మీ అమ్మీకి సెప్పకురా, తెలిస్తే అది బతకలేదు. నువ్వు నిజంగా పాసైన దినాన ముందు నాకు సెప్పు" అన్నారు.

ఆ మాటే నా మెడ మీద కాడి అయింది. పైపుల పనికని చెప్పి పొద్దున్నే వెళ్లి గేట్లు అతకడం, సాయంత్రం విరిగిన పైపు ముక్కల మీద సాధన చేయడం, ఎక్కడ ఏ కాంట్రాక్టరు పరీక్ష పెడతాడన్నా పరిగెత్తడం. వీధిలో నేనప్పటికే పైపు వెల్డర్ని, సంబంధాలు కూడా ఆ పేరు మీదే వస్తున్నాయి. నేను పాసవలేదని ఇంట్లో తెలిసినవారు అబ్బాజాన్ ఒక్కరే. పరీక్ష నుంచి వచ్చిన ప్రతిసారీ ఆయన మంచం మీంచి నా మొహంలోకి చూసేవారు, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి, ఆయన కళ్లు మూసుకునేవారు. ఆ తల ఊపడం కంటే నరకం నాకు తెలియదు. చచ్చిపోదామా అని యారాడ సముద్రం వైపు చూసిన సాయంత్రాలున్నాయి. ఒక వర్షాకాలం ఆయాసం ముదిరి ఆయన వెళ్లిపోయారు. చివరిసారి చూసినప్పుడు కూడా ఆ చూపే, నాదీ ఆ అడ్డపు తలే.

ఆయన పోయిన తరవాతి వేసవిలో నేను పాసయ్యాను.

ఫిల్ము వెలుగులో పెట్టి చూపిస్తే ఒక్క మచ్చ లేదు. ఆటోనగర్ నుంచి వన్ టౌన్ దాకా బస్సులో నిలబడే వచ్చాను, సర్టిఫికెట్టు నలుగుతుందని కూర్చోలేదు. అమ్మీ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇక దాచలేక, అమ్మీ నేను పాసయ్యాను అన్నాను. ఆవిడ తల ఎత్తి నవ్వింది. "ఇప్పుడు పాసవడమేటిరా, నువ్వు ఎప్పుడో పాసైపోనావు కదేటి. ఈదంతా మలీదా పంచినాను" అని మళ్లీ బియ్యంలోకి వంగింది.

నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి. స్నేహితుడు అప్పటికే దుబాయి పోయాడు. కొట్టుకెళ్లి ఒక సీసా పన్నీరు కొన్నాను. ఖబరస్తాన్‌కు వెళ్లి అబ్బాజాన్ మట్టి మీద అదంతా ఒంపి, సర్టిఫికెట్టు చదివి వినిపించాను. ఎదురుగా ఉన్నది మట్టి. తల నిలువుగా ఊపాను, ఎవరూ చూడలేదు.

ఆ కాగితంతోనే మా పిల్లల్ని చదివించాను, ఈ ఫ్లాటు కొన్నాను. కాదనను. అమ్మీ కూడా పన్నీరు చల్లిన రాడ్లతోనే కొడుకు పాసయ్యాడన్న సంతోషంతోనే పోయింది. ఇప్పుడు రాడ్లను వేడి పెట్టెల్లోంచి తీసి ఇస్తారట, సగం అతుకులు మెషీన్లే వేస్తాయట. పిల్లలు ఫలితం రాగానే ఫోనులో ఊరందరికీ చెప్పేస్తారు, క్షణంలో వందమంది మెచ్చుకుంటారు. మంచిదే. కానీ మనం ఓడిపోయిన ప్రతి సాయంత్రం మన మొహం చూసినవాళ్లు ఆ వందమందిలో ఒక్కరైనా ఉంటారా అని నాకు బెంగ. సెక్రటరీ అమ్మాయికి రానని చెప్పేశాను. ఎందుకని అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. నిజానికి, పాసయ్యానని నేను చెప్పాల్సిన మనిషికి ఇప్పటికీ చెప్పలేదు.