గుర్రానికి కాలు విరిగిన చోట

కరోనాకు ముందు సంవత్సరం. మార్కాపురం బస్టాండు దగ్గర నా అద్దె పుస్తకాల దుకాణం నడుస్తోందని నేను అనుకునేవాణ్ని. బి.ఏ. చదివి ఇదేం పని అని బంధువులు అనుకునేవాళ్లు. మిగతా నవలలన్నిటినీ సెల్‌ఫోను మింగేసినా, కౌబాయ్ నవలల్ని కొందరు వదల్లేదు. అమెరికా ఎడారి, గుర్రాలు, తుపాకులు, దుమ్ము. దుమ్ము వరకు మావాళ్లకు పరిచయమే.

మా వ్యాపారంలో పార్టులు చేయడం అని ఒకటుంది. లావు నవలను మధ్యకు కోసి, విడివిడిగా అట్టలు వేసి, ఒకేసారి ఇద్దరికి అద్దెకిస్తాం. ఎక్కడ కోయాలో కుట్టుదారం చూసి నిర్ణయిస్తాం, కథ చూసి కాదు. అట్లా ఒక నవలలో గుర్రానికి కాలు విరిగి, హీరో తుపాకీ బయటికి తీసిన చోట కోత పడింది. ఆ మొదటి పార్టు దావీదు తీసుకున్నాడు.

దావీదు పలకల గనిలో రాయి కోసేవాడు. అన్నాల వేళ తోటి కూలీలకు ఈ నవలలు చదివి వినిపించేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, రానురాను చదవడానికి గాలి చాలలేదు. డాక్టర్లు దానికి సిలికోసిస్ అని పేరు పెట్టారు. అంతకు మించి వాళ్ల చేతిలో ఏమీ లేదు.

ఒకరోజు ఆయన భార్య మరియమ్మ రెండో పార్టు కోసం దుకాణానికి వచ్చింది. ఆయన్ని మళ్లీ గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని తను, ఇంక వద్దని ఆయన, ఇంట్లో ఆ మాట తెగడం లేదట. ఈ గొడవలో ఆ గుర్రం ఏమైందని కూడా అడుగుతున్నాడట. రెండో పార్టు కంభంలో ఒక టైలరు దగ్గరుంది. ఆయన మొదటిది చదవనేలేదు, లోటేమీ తెలియలేదన్నాడు. పుస్తకం తీసుకుని నేనే దావీదు ఊరికి వెళ్లాను.

గడప దగ్గర మరియమ్మ ఆపి, గుర్రం సంగతి అడిగింది. కాలు విరిగిన గుర్రం ఇక లేవదని హీరో కాల్చేస్తాడని చెప్పాను.

"బతికిందని సదువన్నా. ఆయనకేం తెలుస్తది."

దావీదు మంచం మీద కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నేను పేజీ మీద కళ్లు పెట్టి, పేజీలో లేనిది చదివాను. హీరో తుపాకీ లోపల పెట్టాడు, గుర్రం ముందు నీళ్లు పెట్టాడు, తన దారిన వెళ్లాడు. రచన నాదే కాబట్టి అంతకన్నా బాగా రాలేదు.

దావీదు కాసేపు గాలి కూడదీసుకున్నాడు.

"అంత నొప్పిలో ఉన్నదాన్ని... అట్లనే ఇడిచిపెట్టి పోయినాడా? ఏం మనిషన్నా వాడు."

మరియమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. పేజీ తప్పిందని చెప్పి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. హీరో గుర్రం మెడ నిమిరాడు. తన టోపీ దాని కళ్లకు అడ్డం పెట్టాడు. కాల్చాడు.

"టోపీ అడ్డం పెట్టినాడా?"

"పెట్టినాడు."

"అయితే మంచోడే." తర్వాత భార్య వైపు తిరిగి, "మరియా, నన్ను గుంటూరు తోలకపోవద్దే," అన్నాడు.

ఆమె ఆయన వీపు వెనక దిండు సరిచేసింది. "పోములే," అంది.

నవల పూర్తి కాకముందే దావీదు పోయాడు. మిగిలిన పేజీల నిండా హీరో పగ తీర్చుకోవడమే. ఆయన పెద్దగా నష్టపోలేదు.

ఇన్నేళ్ల దుకాణంలో ముగింపు మార్చి చెప్పమని పాఠకుడెవరూ నన్ను అడగలేదు. అడిగేది ఎప్పుడూ పక్కన కూర్చున్నవాళ్లే.