కాలివేళ్ళకు బదులు

1998 జనవరిలో మా అన్నయ్య కుడికాలి బొటనవేలూ, దాని పక్క వేలూ తీసేశారు. షుగరు వల్ల పుండు మానలేదు. రాజమండ్రిలో ఆపరేషన్ జరిగిన రోజు నా డైరీలో ఒక్కటే వాక్యం ఉంది: ‘రెండు తీశారు, ఎనిమిది మిగిలాయి.’ లెక్కలో తప్పు లేదు గాని, అలా రాసినందుకు చాలాకాలం సిగ్గుపడ్డాను.

అన్నయ్య రామచంద్రపురంలో వడ్రంగి. నాన్న దగ్గర పని నేర్చుకున్నది అతనొక్కడే. నేను చదువుకుని ఇరిగేషన్ సబ్‌డివిజన్‌లో కొలతల పుస్తకాలు రాసే ఉద్యోగంలో చేరి, మండపేటలో కాపురం పెట్టాను. అప్పటికి అతనికి యాభై ఆరేళ్ళు, నాకు నలభై తొమ్మిది.

మా వైపు పాత వడ్రంగులు నేలమీద కూర్చునే పని చేస్తారు. రంపానికి పదును పెట్టాలంటే దాన్ని తిరగేసి, పళ్ళు పైకి వచ్చేలా రెండు పాదాల మధ్య ఇరికించి, కుడికాలి బొటనవేలితో బిగించి పడతారు. ముక్కోణపు ఆకురాయితో ఒక్కో పన్నునూ రెండు మూడుసార్లు రాస్తారు. పట్టు ఏమాత్రం వదులైనా రంపపు రేకు వణికి ఆకురాయి కీచుమంటుంది, పన్ను మొండిగా మిగులుతుంది. నలభై ఏళ్ళుగా అన్నయ్యకు ఆ పట్టు ఇచ్చినవి అతని కాళ్ళే.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద టేకు పలకలు అలాగే పేర్చి ఉన్నాయి. పక్కవీధిలో కొబ్బరితోటల రైతు ఒకాయన కొత్త ఇంటికి వీధితలుపు చేయమని డిసెంబరులో దింపించిన కలప అది. పలకల మీద అన్నయ్య పెన్సిలు గీతలు కూడా ఉన్నాయి. వైశాఖంలో గృహప్రవేశం. ఆయన వారానికొకసారి వచ్చి, అరుగు కింద చెప్పులు విడిచి, ఆరోగ్యం మాత్రమే అడిగి వెళ్ళేవారు. మార్చి మొదట్లో మాత్రం కాస్త నసిగారు.

“తొందరేం లేదండీ మేస్త్రీగారూ. కాకపోతే ముహూర్తం పెట్టేసుకున్నాం కదండీ. ఉగాది దాటాక వారం చూస్తాను. మీవల్ల కాదంటే తణుకులో మిషను మీద చేసేవాళ్ళున్నారంట, కలప అటు పంపించేస్తాను. మీరేం అనుకోకండి.”

ఆయన వెళ్ళాక అన్నయ్య నాతో, “ఈ కలప పని కాకుండా గుమ్మం దాటిందంటే ఇంక పనిముట్ల పెట్టె మూసెయ్యడమేరా,” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అలసట మాత్రమే ఉంది.

అతని రంపాలు అయిదూ రెండు నెలల్లో తుప్పు పట్టాయి. ఒకదాన్ని బజారులో మరతో సానబెట్టేవాడికి ఇచ్చి చూశాం. నిప్పురవ్వలు రేపి, పళ్ళ కొనలు నీలంగా మాడ్చి ఇచ్చాడు. అప్పుడే రంపాన్ని పట్టి నిలిపే సాధనం ఒకటి నేనే తయారుచేస్తానని అన్నాను. కొలతలు తెలిసిన మనిషినన్న ధైర్యం తప్ప నాకు వేరే అర్హత లేదు.

మార్చి 8, ఆదివారం మొదలుపెట్టాను. బియ్యపు మిల్లు వెనక పారేసిన తుమ్మ దిమ్మ నుంచి రంపాన్ని రెండువైపులా కరిచిపట్టే రెండు దవడలు కోయించాను: పొడవు పద్నాలుగు అంగుళాలు, వెడల్పు నాలుగు, మందం ఒకటింపావు. అడుగున మడతబందులు వేసి రెండింటినీ కలిపాను. నడుమ బోల్టు, దానికి చేత్తో తిప్పే రెక్కల నట్టు. రేకు వణకకుండా దవడల అంచులకు లోపలివైపు సైకిలు ట్యూబు ముక్కలు అంటించాను. కింద నాలుగు కాళ్ళు, ఒక్కొక్కటి ముప్పైమూడు అంగుళాలు. మరుసటి ఆదివారం దాన్ని రామచంద్రపురం బస్సెక్కించాను.

“ఏంటండీ ఇది, చంటిపిల్లాడి ఉయ్యాలా?” అన్నాడు కండక్టరు. “అర టిక్కెట్టు కొట్టనా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారా?”

అన్నయ్య దాని చుట్టూ కర్ర ఊతంతో ఒకసారి తిరిగాడు. దవడలు తట్టి చూశాడు.

“నిలబడి రంపం రాసేవాణ్ణి నువ్వెక్కడ చూశావురా?”

“ఐటీఐలో. అందరూ నిలబడే చేస్తున్నారు.”

“వాళ్ళకి పదేసి వేళ్ళుంటాయి,” అన్నాడు.

పది నిమిషాలు నిలబడితే అతని పాదం మంటెత్తేది. ఆ సంగతి నాకు తెలుసు. దవడల మందం, బోల్టు పొడవు, కాళ్ళ వాలు, అన్నీ కాగితం మీద వేసుకున్నాను గాని, దాని ముందు కూర్చోబోయే మనిషి ఎత్తు వేసుకోలేదు. నేలమీద కూర్చున్న అతని రొమ్ము ఎత్తు కొలిచి, కాళ్ళు పది అంగుళాలకు కోయాలని తేల్చాం. కోయడానికి ఆ ఇంట్లో పదునున్న రంపం లేదు. మొండి రంపంతోనే నాలుగు కాళ్ళూ కోశాను. గంటా పది నిమిషాలు పట్టింది. కోస్తున్నంతసేపూ అన్నయ్య వేరేవైపు చూస్తూ కూర్చున్నాడు.

మార్చి 22న నాన్న వాడిన పెద్ద రంపం దించాం. కిరసనాయిలు, ఇటుక పొడి, కొబ్బరి పీచుతో వదినా నేనూ తుప్పు తోమాం. పళ్ళు లెక్కపెట్టాను: నూట ముప్పైతొమ్మిది, అందులో విరిగినవి ఏడు. దవడల్లో బిగించి అన్నయ్య ఆకురాయి పెట్టగానే వీధి చివరిదాకా వినిపించేటంత కీచు లేచింది. చివర్లు వదులుగా ఉన్నాయి, మధ్యలోనే పట్టు.

“విప్పు. మధ్యలో వెంట్రుకవాసి లోపలికి చెక్కు. కొసలు ముందు కరవాలి, తరవాత నడుము. పాదం కూడా అంతేరా, మడమా వేళ్ళూ ఆనితేనే నడుము ఆనుతుంది.”

చెక్కాను. మళ్ళీ బిగించాం, మళ్ళీ విప్పాం. అయిదోసారి కీచు పోయి, ఆకురాయి కింద బరువైన, నిలకడైన చప్పుడు వచ్చింది. అన్నయ్య తరవాతి పన్నుకు జరిగాడు. సాయంత్రానికి యాభై రెండు పళ్ళు రాశాడు. ఆ వారంలో మిగిలినవీ అతనే పూర్తిచేశాడు.

ఏప్రిల్ 5 నాటికి ఉగాది వెళ్ళి ఎనిమిది రోజులు. రైతుగారు పొద్దున్నే వచ్చి, కలపకోసం రేపు బండి పంపిస్తానని వదినతో మెల్లగా చెప్పి వెళ్ళారట. నేను వెళ్ళేసరికి అన్నయ్య ఒక టేకు పట్టీని దిమ్మ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రంపం వెన్నలో దిగినట్టు దిగింది. నాలుగో లాగుకు పట్టీ పక్కకు జరిగింది. సర్ది మళ్ళీ లాగాడు, మళ్ళీ జరిగింది. ఎడమకాలు వేసి చూశాడు. ఒళ్ళు అడ్డం తిరిగి గీత తప్పింది.

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. రంపాన్ని పట్టినట్టే, కోసే కలపనూ అతను ఆ వేళ్ళతోనే అదిమిపట్టేవాడు. ఒక పనికి బదులు చేసి, నాలుగు ఆదివారాలు తిరిగి, అంతా అయిందనుకున్నాను.

“దానికీ ఒక బిగింపు చేస్తాను అన్నయ్యా.”

“ఎన్నింటికి చేస్తావురా? ఉలి కొట్టేటప్పుడు ఒకలా పట్టాలి, చిత్రిక పట్టేటప్పుడు ఇంకోలా. నాలుగు లాగులకోసారి కాలు దానంతటది జరుగుతుంది. నీ బోల్టు జరుగుతుందా?”

నేను చెప్పులు విప్పి పట్టీ మీద కాలు పెట్టబోయాను.

“నువ్వు ఆదివారం మనిషివి. సోమవారం ఎవరు పెడతారు?”

వదిన గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. మా ఇళ్ళలో పనిముట్లకూ, పని మీదున్న కలపకూ ఆడవాళ్ళ కాలు తగలకూడదు. పొరపాటున తగిలితే వంగి కళ్ళకద్దుకోవాలి. పనిచేసేవాడి కాలికి మాత్రం ఆ దోషం లేదు. వదిన వచ్చి, పట్టీని ఒకసారి కళ్ళకద్దుకుని, అన్నయ్యకు ఎదురుగా కూర్చుని రెండు పాదాలూ దాని మీద ఆనించింది.

అన్నయ్య రంపం పక్కన పెట్టేశాడు. “తియ్యి.”

“తియ్యను. రేపు బండి వస్తుంది. కోస్తారా, మానేస్తారా?”

అన్నయ్య మళ్ళీ రంపం తీసుకున్నాడు.

“కాస్త ముందుకు పెట్టు.”

“ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. నా వేళ్ళు మాత్రం కోసెయ్యకండి. ఇంట్లో ఇప్పటికే రెండు తక్కువ.”

పట్టీ కదలలేదు. ముప్పైనాలుగు లాగుల్లో చివరిముక్క తెగి కింద పడింది. అన్నయ్య దాన్ని తీసి, కోత మీద చేతి బొటనవేలితో రాసి చూశాడు. నేను రైతుగారి ఇంటికి వెళ్ళి బండి వద్దని చెప్పి వచ్చాను.

తలుపుకు పంతొమ్మిది రోజులు పట్టింది. పూర్వం అన్నయ్యకు అది ఎనిమిది రోజుల పని. వదిన తెల్లారేలోపు వంట ముగించి, తొమ్మిదింటికి అతనికి ఎదురుగా కూర్చునేది. రెండో వారానికి ఆమె ఎడమ మోకాలు వాచింది. ఆముదం రాసి గుడ్డ కట్టుకుని మళ్ళీ కూర్చుంది. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు తలుపు రెక్కలు రెండూ బండెక్కాయి.

గృహప్రవేశం అయ్యాక రైతుగారు పళ్ళూ పంచెలూ తెచ్చారు. అల్లుడు మండపేటలో ఇల్లు కడుతున్నాడని, తలుపులూ కిటికీలూ అన్నీ మేస్త్రీగారి చేతిమీదుగానే జరగాలని అడిగారు. నేనూ అక్కడే ఉన్నాను. అన్నయ్య వదిన కాళ్ళవైపు చూశాడు.

“లేదండీ. ఇంక కలప పని చెయ్యనండీ. ఎవరివైనా రంపాలుంటే పంపించండి, పదును పెట్టి ఇస్తాను.”

ఆయన వెళ్ళిపోయాక వదిన గుమ్మంలోంచి, “నన్నడిగారా?” అంది.

“అడిగితే సరేనంటావు,” అన్నాడు అన్నయ్య.

వదిన మోకాలు పట్టుకుని మెల్లగా మెట్టు దిగి, అరుగు మీది టేకు పొట్టు ఊడ్చింది.