చింతపండు నీళ్లు తాగిన మోటారు

మా చిన్నప్పుడు... రంగూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న, మా అయ్య మోటారు రేడియేటర్ని భుజాన వేసుకొచ్చి కుళాయి దగ్గర దింపాడు. "ఇది బాగవకపోతే రేపట్నుంచి మళ్లీ బస్తాలే" అన్నాడు, ఎవరితోనో కాదు, దాంతోనే.

రంగూన్ మీద బాంబులు పడ్డ యుద్ధానికి ఇంకా ఐదారేళ్లు ఉందప్పటికి. నాకు తొమ్మిదేళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా అయ్య, పజుండౌంగ్ వాగు పక్క బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి మోసి, ఎలాగో కారు తోలడం నేర్చి, ఒక సేటు దగ్గర డ్రైవరుగా కుదిరాడు. మా కూలీల లైనిళ్లలో తనంతటి మొనగాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ కారు నెల రోజులుగా దారిలో సలసలా కాగిపోతోంది... నీళ్లు పోయడం, కాస్త దూరం పోవడం, మళ్లీ ఆవిర్లు. సోమవారం నేనే ఎక్కి చూస్తా, ఆగిందో వేరే డ్రైవర్ని పెట్టుకుంటానని సేటు తేల్చి చెప్పేశాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి రేడియేటర్ మూతి లోపలికి తొంగిచూసింది. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టినట్టు తెల్లటి గార పేరుకుని ఉంది.

"ఏ నీళ్లు పోత్తన్నావు మావా?"

"కారు షెడ్డు పక్క నూతి నీళ్లు. ఏటి?"

"ఆ నీళ్లతో పప్పే ఉడకదు. ఇత్తడే గదా ఇది... సింతపండేసి మరిగించి పొయ్యి."

అయ్య పకపకా నవ్వాడు. "ఓలే, ఇది మోటారే! నీ సెంబు కాదు."

మధ్యాహ్నం దాకా ఇనప తీగ పెట్టి పొడిచాడు. ఏమీ కదల్లేదు. చివరికి తీగ పడేసి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే!

అమ్మ పెద్ద గుండిగలో చింతపండు మరిగించి, వడకట్టి ఇచ్చింది. అయ్య కింది గొట్టానికి గుడ్డ చుట్టిన కర్రముక్క బిగించి, పులుపు నీళ్లు నిండా పోసి రెండు గంటలు వదిలేశాడు. తర్వాత కుళాయి గొట్టం తెచ్చి, మామూలుగా నీళ్లు పోసే వైపు కాకుండా, కింది నుంచి పైకి నీళ్లు తోశాడు. ముందు నల్లటి బురద... తర్వాత పెచ్చులు పెచ్చులుగా తెల్ల గార... ఆ తర్వాత తేటనీళ్లు. అయ్య మీసం మెలేశాడు.

ఆ మీసం మీంచి చెయ్యి తీసేలోపే రేడియేటర్ ఒళ్లంతా చిమ్మడం మొదలైంది. ఇన్నాళ్లూ చిల్లులకు ఆ గారే అడ్డంగా ఉందన్నమాట. అది కాస్తా వదిలిపోయింది.

"కొంప ముంచేసినావు కదే! ఆడదాని మాట ఇని నా నోట్లో మట్టి కొట్టుకున్నాను!" వీధంతా వినేలా అరిచాడు. లైనిళ్ల వాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చారు. అమ్మ మాత్రం బట్టలుతికే తొట్టి నింపమని నాకు చెప్పింది.

రేడియేటర్ని తొట్టిలో ముంచారు. ఒక గొట్టం బిగించి, రెండో దాన్లో నన్ను ఊదమన్నారు. "ఊదు గుంటా, గట్టిగా ఊదు!" నేను బుగ్గలు నొప్పెట్టేలా ఊదితే, చిల్లున్న చోటల్లా బుడగలు. పైకి తీసి, తుడిచి, అమ్మ తన తాంబూలం సున్నంతో చుక్కలు పెట్టింది. ఏడు చుక్కలు...

బిందెలకు మాటు వేసే సాయిబును కూడా అమ్మే వెళ్లి పిలుచుకొచ్చింది. మోటారు పని నాకు రాదని ఆయన వెనక్కి తిరగబోతే, "బిందె అనుకుని ఎయ్యి బాబూ" అంది. ఆయన కుంపటి రాజేసి, సీసం కరిగించి, సున్నం చుక్క ఉన్న చోటల్లా మాటు వేశాడు. మళ్లీ తొట్టి, మళ్లీ నా బుగ్గలు. ఈసారి ఒక్క బుడగ లేదు.

రాత్రికి రాత్రే అయ్య దాన్ని బండికి బిగించాడు. సోమవారం సేటు ఎక్కాడు. పగోడా దాకా, సంచౌంగ్ పేట దాకా తిరిగి, మా ఇంటి ముందు ఆపించి, దిగి, రేడియేటర్ మూత దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. ఆవిరి లేదు. ఎవరు బాగుచేశారని హిందూస్తానీలో అడిగాడు.

"నేనే సేట్" అన్నాడు అయ్య.

అమ్మ బజారు బేరాలన్నీ ఆ భాషలోనే ఆడేది. గుమ్మంలోనే ఉంది, విన్నది. లోపలికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ చెబితే అయ్య పని పోతుందేమోనని భయం.

తర్వాత ఊళ్లో డ్రైవర్లు మా ఇంటికి వరస కట్టారు, అయ్య దగ్గర చింతపండు వైద్యం నేర్చుకోవడానికి. అయ్య అరుగు మీద కూర్చుని చెప్పేవాడు, అమ్మ టీ ఇచ్చేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నువ్వెందుకు చెప్పలేదని. "బండి తిరుగుతోంది గదే" అంది. ఆ మాటలో బాధ ఉందో లేదో అప్పుడు తెలియలేదు. ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇప్పుడు రేడియేటర్లలో కొన్న రంగు నీళ్లు పోస్తున్నారు... మాటు వేసేవాళ్లు లేరు, ఇత్తడి బిందెలు అలమార్లో బొమ్మలయ్యాయి. తొంభై దాటిన నేను చెబుతుంటే మునిమనవరాలు ఇది ఫోనులో కొడుతోంది. అయ్య మంచివాడే. కానీ చిల్లులు బయటపడితే అమ్మ మీద నింద వీధంతా వినబడింది, బాగుపడ్డాక అమ్మ పేరు ఎక్కడా వినబడలేదు.

సేటు అడిగినప్పుడు నేను చెప్పాల్సిన జవాబు ఇది... బాగుచేసింది మా అమ్మ. పేరు పైడమ్మ.

మీ ఇంట్లోనూ పని చేసి పేరు దక్కనివాళ్లు ఉండే ఉంటారు. ఆ పేరు కింద రాయండి... ఒక్కసారైనా ఎవరో ఒకరు చదువుతారు.