ఐదో అంకం

డెబ్బైలలో మదనపల్లె కాలేజీలో మా ఇంగ్లీషు సారు ఏ విషాదనాటకం చెప్పినా, అందరూ చచ్చిపోయే ఐదో అంకం రాగానే పుస్తకం మూసేసేవారు. "ఇది మీరే సదువుకోండమ్మా" అనేవారు. పరీక్షలో ప్రశ్నలన్నీ అక్కడినుంచే వచ్చేవి. మాకు ఒళ్లు మండేది.

ఒకరోజు శానిటోరియంలో ఉన్న మా పెద్దమ్మకు క్యారియరు తీసుకెళ్తే, పక్క మంచం దగ్గర సారు కనిపించారు. క్షయ జబ్బుతో ఉన్న భార్యకు ఏదో ఇంగ్లీషు చారిత్రక నవల చదువుతూ మన తెలుగులో చెబుతున్నారు. నన్ను చూడగానే పుస్తకం నా చేతిలో పెట్టారు.

"కడాకు వచ్చేసినామమ్మా. నువ్వు సదివి సెప్పు, నా సేత కాదు."

చూస్తే రెండు కాగితాలే మిగిలి ఉన్నాయి. సారు భార్య దగ్గు ఆపుకుని అడిగింది.

"ఇంకా ఎంత ఉండాది పాపా?"

"శానా ఉండాదమ్మా" అంటూ పుస్తకం మూసేశాను.