జే మీద చిన్న గీత

మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయారని నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. స్కూల్ బస్ దిగితే హారిస్, అంటే మా బిల్డింగ్ వాచ్‌మన్, నా బ్యాగ్ అందుకుని "ముహందిస్ సాబ్ ఖలాస్, బేటీ" అన్నాడు. ఇంజనీర్ గారు అయిపోయారు అని. ఇక్కడ పని అయిపోయినా, గ్యాస్ అయిపోయినా అదే మాట. ఆఫీస్‌లో కుర్చీలోనే గుండె ఆగిపోయిందట. లిఫ్ట్ ఎక్కాలంటే భయమేసి మెట్ల మీద వెళ్ళాను.

నా పేరు రాయట్లేదు. గల్ఫ్‌లో, హవల్లీలో ఉంటాం, అంతవరకే. ఎందుకంటే అంకుల్ గురించి రాయాలంటే మా నాన్నకి తెలియని విషయం చెప్పాలి. నేను గేమ్స్ ఆడతాను. దొరికితే లాప్‌టాప్ పోతుంది, నేను విజయవాడ హాస్టల్‌కి పోతాను. నాన్న ఊరికే బెదిరించే రకం కాదు. మా అన్నయ్యని అలాగే పంపారు.

అంకుల్‌కి తెలుసు. ఆయనా ఆడేవారు, డ్యూటీ నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, పక్కన పల్లీలు పెట్టుకుని. మొన్న సెలవుల్లో ఆయనకి కొత్త కీబోర్డ్ కావాల్సొచ్చింది. వైర్ ఉండకూడదు, ఆఫీస్ పనికీ గేమ్‌కీ ఒకటే ఉండాలి, కీలు మనకి నచ్చినట్టు మార్చుకునేలా ఉండాలి. "నువ్వూ వాడతావు, నువ్వూ రా" అన్నారు. ఆంటీకి తోడుగా కూరగాయలకి వెళ్తున్నానని నాన్నకి చెప్పాం.

షాపులో ఆయన రంగు లైట్లు ఏవీ చూడలేదు. కళ్ళు మూసుకుని ఒక్కో కీబోర్డ్ మీద మా అందరి పేర్లూ టైప్ చేశారు. షాపతను కీల కింద నీలం స్విచ్‌లున్నది తెచ్చాడు. టకటకమని ఒకటే మోత.

"ఇది వద్దమ్మాయ్. మీ నాన్న గోడ అవతలి నుంచే పట్టేస్తాడు."

"దొంగతనానికి సామాను కొంటున్నట్టుంది మీ వరస" అన్నారు ఆంటీ.

చివరికి చప్పుడు లేనిది తీసుకున్నాం. ఇంటికొచ్చాక అంకుల్ చిన్న పట్టకారుతో కీలు పీకి, ఆటలో నేను ఎక్కువ నొక్కేవాటి కింద మాత్రం కాస్త గట్టి స్విచ్‌లు పెట్టారు. "నీకు కంగారెక్కువ. వేలు తగిలితే చాలు దూకేస్తున్నావు. ఇప్పుడు నిజంగా నొక్కితేనే కదులుతుంది."

అది ఆయన కంప్యూటర్లకే కాకుండా నా లాప్‌టాప్‌కి కూడా కలుస్తుంది. నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు తెచ్చుకుని, వచ్చేలోపు ఇచ్చేసేదాన్ని. ఓడిపోతుంటే ఒకదానికి ఇంకో కీ నొక్కేసేదాన్ని. అంకుల్ జే కీ మీదున్న చిన్న గీత చూపించి, "భయమేస్తే చూపుడు వేలు దీని మీద పెట్టు. చూడకుండానే మిగతావన్నీ దొరుకుతాయి" అనేవారు. పరీక్షల్లో కీబోర్డ్ లేకపోయినా బెంచీ మీద అలాగే వేలు పెట్టుకునేదాన్ని.

ఈ రోజు ఆయన్ని తీసుకెళ్ళే ఫ్లైట్‌లోనే ఆంటీ టికెట్ కూడా. పొద్దున సూట్‌కేస్ సర్దుతూ కీబోర్డ్‌ని ఆయన చొక్కాల మధ్య పెట్టారు. చివరిసారి వాడింది నేనే. ఆఫ్ చేశానో లేదో గుర్తు లేదు. నాన్న పక్కనే కూర్చుని అట్టపెట్టెకి తాడు కడుతున్నారు, అడగడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం నాన్న నా లాప్‌టాప్‌లో ఫ్లైట్ టైమ్ చూస్తున్నారు. ఉన్నట్టుండి స్క్రీన్ మీద జే అక్షరం పడటం మొదలైంది. జే పక్కన జే, దాని పక్కన జే, ఆగట్లేదు. పక్కింట్లో సూట్‌కేస్ మూత బిగించినట్టున్నారు, లోపల ఏదో ఆ కీని నొక్కుతోంది. స్క్రీన్ మూలన కీబోర్డ్ కనెక్ట్ అయిందని వచ్చింది.

నాన్న చేతులు పైకెత్తారు. "నేనేం ముట్టుకోలేదే." తర్వాత మూలన ఉన్నది చదివారు. "ఏ కీబోర్డ్?"

బయట నుంచి ఆంటీ, "అన్నయ్యా, ట్యాక్సీ వచ్చింది" అన్నారు. నాన్న లేచారు. తలుపు దగ్గర ఒకసారి ఆగి, నన్ను చూసి, వెళ్ళారు.

లిఫ్ట్ తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. జేలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఒక్కసారి తడబడ్డాయి. ఆగిపోయాయి.

నాన్న ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంకా రాలేదు. రాగానే అడుగుతారు. ఆ అక్షరాలు చెరిపేస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెరపలేదు. ఒక చేత్తో ఫోన్‌లో ఇది రాస్తున్నాను. రెండో చేతి చూపుడు వేలు లాప్‌టాప్‌లో జే మీద ఉంది. లిఫ్ట్ పైకి వస్తోంది.